పిల్లల క్రిస్మస్ కానుకలకి ఎంత పెట్టాలి? లెక్క జనవరి నుంచి మొదలుపెట్టండి

ప్రశ్న: మాది సఖినేటిపల్లి మండలంలో ఒక పల్లె. మా ఆయన రొయ్యల మేత అమ్మే షాపులో గుమాస్తా, జీతం 24 వేలు. నేను లేసు అల్లుతాను. నెలకి మూడు నాలుగు వేలు వస్తాయి గానీ ఏజెంటు ఎప్పుడిస్తే అప్పుడే. ముగ్గురు పిల్లలు. పెద్దాడికి 14, అమ్మాయికి 9, చిన్నాడికి 4. పెద్దాడు ఫోను కావాలంటున్నాడు, అమ్మాయి సైకిలు అడుగుతోంది. చిన్నాడికి ఏదైనా సంబరమే. మా బావగారు కువైట్‌లో ఉంటారు. తోడికోడలు, వాళ్ళ పిల్లలు మా దొడ్లోనే పక్కింట్లో ఉంటారు. క్రిస్మస్‌కి వాళ్ళకి పెట్టెడు సామాను వస్తుంది. మా పిల్లల చేతిలో తలా 500 పెట్టిస్తారు బావగారు. ఆ పెట్టె విప్పినప్పుడల్లా మావాళ్ళ మొహాలు చిన్నబోతాయి. అందుకే కిందటేడు డిసెంబరులో నూటికి మూడు రూపాయల వడ్డీకి 10 వేలు తెచ్చి కొన్నాం. అది జూలైలో గానీ తీరలేదు. ఈసారి అప్పు చెయ్యకూడదని జనవరి నుంచి విడిగా 16 వేలు దాచాను. షాపులో పండగ బోనసు 6 వేలు ఇస్తారు. ఒక్కొక్కరికి 5 వేల చొప్పున 15 వేలు పెడదామని నేను, అంత వద్దని ఆయన. జనవరిలో పెద్దాళ్ళిద్దరికీ స్కూలు ఫీజు 5 వేలు కట్టాలి. ఎంత పెడితే సబబు?

సమాధానం:

అంకె ముందే చెప్పేస్తామమ్మా. ముగ్గురికీ కలిపి 3 వేలు. చదవగానే ఉసూరుమనిపించి ఉంటుంది. కానీ మీ ఉత్తరంలో మీరు రాసిన లెక్కలతోనే ఆ అంకె వచ్చింది. ఆ 3 వేలతో ముగ్గురికీ వాళ్ళు సంతోషించే వస్తువే ఇవ్వొచ్చు, ఇంకొంచెం సర్దుకుంటే సైకిలుతో సహా.

చాలా ఇళ్ళలో చేతిలో ఎంత ఉందో చూసుకుని కానుకల లెక్క వేస్తారు. 22 వేలు ఉంది కదా, 15 పోయినా 7 మిగులుతుందిలే అనిపిస్తుంది. ఆ 7 వేలతోనే బట్టలు, వంటలు, చర్చి, ప్రయాణాలు, ఆపైన సంక్రాంతి, ఫీజు అన్నీ జరగాలన్న సంగతి డిసెంబరు 20న గుర్తుకు రాదు. జనవరి 10న వస్తుంది. మీరు కిందటేడు అప్పు చేసింది కానుకల కోసమని రాశారు గానీ, చూడబోతే కానుకలకి చేతి డబ్బు ముందే అయిపోయి, మిగతా పండక్కి అప్పు తెచ్చుంటారు. అందుకని లెక్క వెనక నుంచి రావాలి. ముందు జనవరి ఖర్చు పక్కన పెట్టాలి, తరవాత పండగ ఖర్చు, ఆ మిగిలిందే కానుకలకి.

జనవరి చూద్దాం. ఫీజు 5 వేలు. సంక్రాంతి మీ పండగ కాకపోయినా ఊరంతటికీ పండగే. చుట్టాలు వస్తారు, పిల్లలు తీర్థాలకీ జాతరలకీ వెళ్తారు, జీళ్ళూ రంగులరాట్నం అంటూ చేతిఖర్చు అడుగుతారు. దానికి 1,500 వేసుకోండి. మొత్తం 6,500. ఈ డబ్బు ఇంట్లో డబ్బాలో ఉంచొద్దు. బోనసు రాగానే స్కూలుకి వెళ్ళి ఫీజు 5 వేలూ కట్టేసి రసీదు తెచ్చుకోండి. గడువు జనవరిలో ఉన్నా ముందే కడతామంటే ఏ స్కూలూ వద్దనదు. కట్టేసిన డబ్బుని ఎవరూ అడగరు, మీకూ ఖర్చు పెట్టాలనిపించదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. కొందరు యజమానులు పండగ కదా అని డిసెంబరు జీతం 22కో 23కో ఇచ్చేస్తారు. మీ ఆయన షాపులోనూ ఇస్తే అది కానుక కాదు, ముందుగా వచ్చిన జీతం. మళ్ళీ జీతం చూసేది ఫిబ్రవరిలోనే, అంటే నలభై రోజులు దాటాక. అలా ఇస్తే ఆ 24 వేలలో బియ్యం, పాలు, కరెంటు బిల్లు, గ్యాసు, పొదుపు సంఘం వాయిదా, ఇవన్నీ నలభై రోజులకి లెక్కేసి తీసి పక్కన పెట్టాకే బజారుకి కదలండి. ముందస్తు జీతం వచ్చిన ఇళ్ళలోనే జనవరి చివర చేబదుళ్ళు ఎక్కువ పుడతాయి.

ఇక పండగ ఖర్చు. మనవైపు క్రిస్మస్‌కి ఒక జత, కొత్త సంవత్సరం ఆరాధనకి ఇంకో జత కొనడం అలవాటు. పిల్లలకి క్రిస్మస్ జత 900 చొప్పున 2,700, జనవరి 1కి 500 చొప్పున 1,500, మీ చీర, ఆయన చొక్కాకి 1,800, అంతా 6 వేలు. కేకు, అరిసెలు, జంతికలు, పండగనాటి మాంసం కలిపి 3,500. చర్చి చందా, కానుక, కేరల్స్ వాళ్ళకి ఇచ్చేది 1,000. కేరల్స్ బృందం ఒకటే వస్తుందనుకోవద్దు. మీ చర్చి పెద్దలు, యవ్వనస్థులు, పక్క చర్చివాళ్ళు, సండే స్కూలు పిల్లలు, ఇలా మూడు నాలుగు రాత్రులు తలుపు తడతారు. టీ పొడి, పంచదార, బిస్కెట్లు కూడా ఆ వెయ్యిలోనే. స్టారు, లైట్లు కిందటేడువి ఉంటే దించి ఒక రాత్రి వెలిగించి చూడండి. పోయిన బల్బులు, కొత్త కాగితం స్టారు ఒకటి, 300 చాలు. మీ పుట్టింటికి వెళ్ళిరావడానికి 700. అన్నీ కలిపితే 11,500.

22 వేలలో 6,500, 11,500 తీసేస్తే 4 వేలు మిగిలింది. అందులో వెయ్యి ఎవరికీ కేటాయించకుండా ఉంచండి. జ్వరం వస్తుంది, టైలరు లైనింగ్ గుడ్డకి అదనం అడుగుతాడు, చెప్పాపెట్టకుండా నలుగురు చుట్టాలు దిగుతారు. పండగ పదిరోజుల్లో ఆ వెయ్యి మిగిలిన ఇల్లు అరుదు. మిగిలితే మంచిదే. ఇక కానుకలకి 3 వేలు.

జీతంలో ఇంత శాతం కానుకలకి అని కొందరు సూత్రం చెబుతారు. మనకది కుదరదు. ఒకే జీతం వచ్చే రెండిళ్ళలో ఒకరికి అద్దె ఉంటుంది, ఒకరికి ఉండదు. దానికంటే ఇది నయం: కానుకలకి పెట్టే డబ్బు మళ్ళీ కూడబెట్టడానికి మీకు ఎన్నాళ్ళు పడుతుంది? మీరు పదకొండు నెలల్లో 16 వేలు దాచారు, నెలకి సుమారు 1,450. 3 వేలంటే రెండు నెలల పొదుపు. 15 వేలంటే పది నెలల పొదుపు, ఒక్క పూటలో విప్పేసే కాగితానికి. రెండు నెలలు దాటితే ఎక్కువే అని మా అభిప్రాయం.

కిందటేడు అప్పు సంగతి కూడా ఒకసారి అంకెల్లో చూడండి. 10 వేలకి నూటికి మూడు అంటే నెలకి 300. డిసెంబరు నుంచి జూలైకి ఏడు నెలలు, 2,100 వడ్డీ. ఈసారి అమ్మాయి సైకిలుకి మేం చెప్పబోయే మొత్తం ఖర్చు దాదాపు అంతే. కిందటేడు మీరు ఒక సైకిలు కొని వడ్డీ వ్యాపారి గుమ్మంలో పెట్టి వచ్చినట్టు. సెల్లు షాపుల్లో వినిపించే వడ్డీ లేని ఈఎంఐ కూడా పూర్తిగా ఉచితం కాదు. ప్రాసెసింగ్ రుసుము ఉంటుంది, క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే బ్యాంకు వేసే వడ్డీ భాగం మీద జీఎస్టీ పడుతుంది, రొక్కం ఇస్తే తగ్గించే డబ్బు మీకు రాదు. బిల్లు మీద ఈ మూడూ అడిగి చూడండి, షాపువాడే తల గోక్కుంటాడు.

ఇప్పుడు పంపకం. తలా వెయ్యి అని సమానంగా కొయ్యకండి. నాలుగేళ్ళవాడికి ధర తెలియదు, పొట్లం పెద్దదా చిన్నదా అన్నదే తెలుసు. తొమ్మిదేళ్ళ పిల్ల ఎన్ని పొట్లాలో లెక్కపెడుతుంది. పద్నాలుగేళ్ళవాడికి మాత్రం ప్రతి వస్తువు ధరా తెలుసు, మీకంటే బాగా తెలుసు. అందుకని పొట్లాలు ముగ్గురికీ ఒకటే లెక్క ఉండాలి, డబ్బు వయసుని బట్టి మారాలి. పెద్దాడికి 1,300, అమ్మాయికి 1,200, చిన్నాడికి 500. పోయినేడు ఎవరికి తక్కువ వచ్చిందో ఈ ఏడు సరిచెయ్యాలన్న లెక్కలు పెట్టుకోవద్దు. అది ఎప్పటికీ తేలదు.

పెద్దాడి ఫోను సంగతి. ఫోను ధర ఒక్కటే కాదు దాని ఖర్చు. 28 రోజుల రీఛార్జి అంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు. 300 చొప్పున వేసుకున్నా 3,900. అంటే ఈ ఏడు ముగ్గురి కానుకల కంటే వాడి రీఛార్జే ఎక్కువ. బావగారు పాత ఫోను ఉచితంగా ఇస్తానన్నా ఈ లెక్క మారదు. గల్ఫ్ నుంచి వచ్చే ఛార్జర్లకి నలుచదరపు మూడు పిన్నులు ఉంటాయి, మన ప్లగ్గులో దూరవు. అడాప్టర్ కొనాలి, పాడైతే అక్కడి వారంటీ ఇక్కడ పనికొచ్చేది తక్కువ. వాడికి ఒక్క ముక్కలో వద్దు అని చెప్పకుండా మీ పండగ కాగితం వాడి ముందు పెట్టండి. 22 వేలు ఎక్కడెక్కడికి పోతోందో వాడే కూడాలి, వాడే తియ్యాలి. తొమ్మిదో తరగతి పిల్లాడికి ఆ మాత్రం లెక్క వచ్చు. తరవాత ఇలా చెప్పండి: "నీ వాటా 1,300. ఏం కొనుక్కుంటావో నువ్వే చూసుకో. మిగిలితే నీదే." వాడు అలిగితే ఒక పూట అలుగుతాడు. దాచిపెట్టి చివర్లో చేతిలో చొక్కా పెడితే మాత్రం ఏడాదంతా గుర్తుంచుకుంటాడు.

మనవైపు కోతలయిన చేలల్లో టెన్నిస్ బంతితో క్రికెట్ జోరుగా ఆడే రోజులు కదా, బ్యాటు అడిగే అవకాశం ఉంది. అయిదడుగులు దాటిన పిల్లాడికి 6వ సైజు, ఇంకో మూడు నాలుగు అంగుళాలు ఎక్కువుంటే హ్యారో అనే తరవాతి సైజు. బ్యాటు కొసని పాదం పక్కన నేలకి ఆనించి నిలబెడితే పిడి పైభాగం నడుము కీలు దగ్గరికి రావాలి. "పెరుగుతాడు కదా" అని ఫుల్ సైజు కొంటే బరువుకి మణికట్టు తిప్పలేడు, మూలన పడేస్తాడు. ఆడేది టెన్నిస్ బంతితోనా తోలు బంతితోనా ముందే అడగండి. టెన్నిస్ బ్యాటుతో తోలు బంతి కొడితే వారంలో అంచు చీలుతుంది, అప్పుడు షాపువాడు మార్చడు.

అమ్మాయి సైకిలు దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. కొత్తది మీ 1,200కి రాదు, దానికి నాలుగు రెట్లయినా కావాలి. పాతది తీసుకుని బాగు చేయించండి. బావగారి అమ్మాయిది పాతది పాకలో పడి ఉంటే మాత్రం అది వద్దు. ఒకే దొడ్లో ఉంటూ రోజూ సాయంత్రం "అది నాది" అనిపించుకోవడం తొమ్మిదేళ్ళ పిల్లకి కొత్త సైకిలు లేకపోవడం కంటే కష్టం. పాలకొల్లులోనో రాజోలులోనో సైకిల్ షాపులో ఎక్స్ఛేంజీకి వచ్చినవి ఉంటాయి, పిల్లకి దాని పాత యజమాని ఎవరో తెలియక్కర్లేదు. మీకు రేవులో గోదావరి దాటించే పంటు నడుస్తుంటే నరసాపురం కూడా దగ్గరే. కానీ సైకిలుతో తిరిగి రావాలి కాబట్టి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వెళ్ళడమే తేలిక. క్రిస్మస్ వారంలో కాదు, డిసెంబరు మొదటి పదిరోజుల్లో, పనిరోజున వెళ్ళండి. షాపువాడికి తీరిక ఉన్నప్పుడే బేరమూ కుదురుతుంది, రిపేరూ శ్రద్ధగా చేస్తాడు.

కొలత చక్రంతో మొదలవుతుంది. తొమ్మిదేళ్ళ పిల్ల ఎత్తు 130 సెంటీమీటర్లు ఉంటే 20 అంగుళాల చక్రం సరిపోతుంది. 135 దాటితే 24 చూడండి. పిల్లని తీసుకెళ్ళలేకపోతే, తలుపుకి ఆనించి నిలబెట్టి ఎత్తు, కాళ్ళ మధ్య నుంచి నేలకి పొడవు, రెండూ టేపుతో కొలిచి రాసుకెళ్ళండి. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ళ మునివేళ్ళూ నేలకి బాగా ఆనాలి, చేతివేళ్ళు హ్యాండిల్ వదలకుండా బ్రేకు అందుకోవాలి. ఒక సైజు పెద్దది కొంటే రెండేళ్ళు ఎక్కువ వస్తుందనుకుంటారు. కానీ మనవి కాలవ గట్లు. ఎదురుగా ట్రాక్టరు వస్తే దిగి పక్కకి నిలబడాలి. కాలు నేలకి అందని పిల్ల అక్కడ నిలబడలేదు.

పాతదాన్ని చూసేటప్పుడు రంగుకి మోసపోవద్దు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలికి తుప్పు ముందు అతుకుల దగ్గర పుడుతుంది. హ్యాండిల్ కిందా, పెడల్ ఇరుసు దగ్గరా వెల్డింగ్ మీద గోరుతో గీకండి. రంగు కింద పొక్కులు, సన్నని గీత లాంటి పగులు కనిపిస్తే ఆ ఫ్రేము వదిలెయ్యండి, దాన్ని బాగు చెయ్యలేరు. చక్రం ఎత్తి తిప్పండి. బ్రేకు ముక్కకీ రిమ్ముకీ మధ్య సందు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గుతుంటే రిమ్ము వంకర. కొంచెమైతే ఊచలు బిగించి సరిచేస్తాడు, వేలి మందం ఊగితే వద్దు. పెడల్ కడ్డీ పట్టుకుని పక్కకి కదపండి, టకటక ఆడితే లోపల బాల్స్ అరిగాయి. సీటు కడ్డీ పైకీ కిందికీ జరుగుతోందో లేదో తప్పకుండా చూడండి. తుప్పుకి అది పట్టేసి ఉంటే పిల్ల పెరిగినా సీటు పెరగదు. ఇది చాలామంది ఇంటికొచ్చాక గమనిస్తారు.

ఇలాంటిది 1,500 ప్రాంతంలో దొరికితే, రెండు ట్యూబులు, నాలుగు బ్రేకు ముక్కలు, గొలుసు కడిగి నూనె, ఇరుసులు విప్పి గ్రీజు, మజూరీ కలిపి ఇంకో 700. షాపును బట్టి కొంచెం అటూ ఇటూ. మొత్తం 2,200. అమ్మాయి వాటా 1,200, పెదనాన్న ఇచ్చే 500, మిగిలిన 500కి జనవరి 1 గౌను. ఆ గౌను మాత్రం పిల్లని అడిగే మానండి: "కొత్త సంవత్సరానికి కిందటేటి పట్టు లంగా వేసుకుంటే సైకిలు వస్తుంది, సరేనా?" తొమ్మిదేళ్ళ పిల్ల ఇలాంటి బేరాన్ని అర్థం చేసుకుంటుంది. చెప్పకుండా మానేస్తే ఆరాధనలో తోటిపిల్లల మధ్య కంటతడి పెడుతుంది. టైర్లు కూడా పోయి ఉంటే ఈ లెక్కలో పట్టదు, ఇంకోటి వెతకండి. గంట, కొత్త సీటు కవరు, హ్యాండిల్‌కి రంగు గ్రిప్పులు, ఈ మూడింటికీ వంద నూటయాభై ఆ విడి వెయ్యిలోంచి తీయండి. పాతది కొత్తగా అనిపించేది వాటితోనే.

చిన్నాడికి 500 బోలెడు. పెద్ద ప్లాస్టిక్ బ్లాకులు, బంతి, తోసుకుంటూ తిరిగే లారీ, ఏదైనా సరే. డబ్బు కంటే ఇక్కడ చూడాల్సింది వేరే ఉంది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. గుర్తు కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు ఎవరో కనిపిస్తుంది. పండగ ముందు రోడ్డు పక్క పరిచే బొమ్మల్లో చాలావాటికి అది ఉండదు. మెరిసే స్టారు, లైటున్న శాంటా టోపీ, పాట పాడే కార్డు, వెలిగే బూట్లు, వీటన్నిట్లో గుండీ బ్యాటరీలు ఉంటాయి. స్క్రూతో బిగించిన మూత లేనిదేదీ కొనొద్దు. పిల్లాడు ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. వాంతి చేయించొద్దు, కడుపులోంచి అదే వస్తుందిలే అని చూడొద్దు, నేరుగా పెద్దాసుపత్రికి. రిమోటు కారైతే బ్యాటరీల ఖర్చు కూడా ఉంది. కారులో వేరే, రిమోటులో వేరే పడతాయి, మామూలు రకం వేస్తే పండగ సాయంత్రానికే అయిపోతాయి. నాలుగేళ్ళవాడికి చేత్తో తోసేదే ఎక్కువ రోజులు ఆట.

కువైట్ పెట్టె గురించి. దానితో పోటీపడి గెలిచే మొత్తం అంటూ ఏదీ లేదు. 15 వేలు పెట్టినా ఆ పెట్టెలో ఇంకోటి ఉంటుంది. తోడికోడలితో పండక్కి పదిరోజుల ముందే మాట్లాడండి, ఏడుస్తూ కాదు, మామూలుగా: "అక్కా, పెట్టె వచ్చిన రోజు చెప్పండి, మావాళ్ళని ఆ పూట అమ్మావాళ్ళింటికి పంపిస్తాను. మీ పిల్లలు తీరిగ్గా విప్పుకుంటారు." ఇందులో ఆమెని తప్పుపట్టే మాట లేదు, కాదనడానికి ఏమీ ఉండదు. మీ పిల్లల పొట్లాలు కూడా దొడ్లో అందరి ముందూ కాక, ఆరాధన అయి భోజనాలయ్యాక మీ ఇంట్లోనే విప్పించండి. పెద్దాడికి మాత్రం ఒక నిజం చెప్పొచ్చు: ఆ పెట్టె పంపే పెదనాన్న పండగనాడు పిల్లల దగ్గర ఉండలేడు. ఇది రెండుసార్లు చెప్పకండి, దెప్పినట్టుంటుంది.

మీరు రాయనిది ఒకటుంది, క్రిస్మస్ ఫ్రెండ్ చీటీలు, అంటే చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్ళకి కానుక ఇవ్వడం. స్కూల్లో ఒకటి, సండే స్కూల్లో ఒకటి, యవ్వనస్థుల కూడికలో ఇంకోటి. పెద్దాళ్ళిద్దరికీ కలిపి మూడు నాలుగు చీటీలు వస్తాయి. చీటీకి వందకి మించొద్దని టీచరుకే చెప్పండి. టీచరు ఆ మాట ప్రకటిస్తే చాలామంది తల్లులు మీకు లోపల దణ్ణం పెడతారు. ఆ నాలుగు వందలు కూడా విడి వెయ్యిలోంచే.

వ్యవసాయం మీద ఆధారపడ్డ ఇళ్ళవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. సార్వా (ఖరీఫ్) ధాన్యం కాటా అయినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. ఖాతాలో పడ్డాకే కానుకల అంకె వేసుకోండి, అదీ దాళ్వా (రబీ) దమ్ముకీ నాట్లకీ ఎరువుకీ పక్కన పెట్టాక. రొయ్యల చెరువులవాళ్ళు అయితే పట్టుబడి అయిన వారంలో బజారుకి వెళ్ళకండి, మేత బాకీ తీర్చాకే వెళ్ళండి.

వచ్చే ఏడాది మాట. మీరు ఇంట్లో దాచినట్టున్నారు. బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) 12 నెలలది ఈ డిసెంబరు మొదటి వారంలోనే తెరవండి, నెలకి 500 చాలు. వచ్చే డిసెంబరు మొదటి వారంలో 6 వేలూ కొంచెం వడ్డీ చేతికొస్తుంది, కానుకలకి ఈ ఏటికి రెట్టింపు. జనవరిలో తెరిస్తే పండగ దాటాక వస్తుంది, ఆ పొరపాటు చాలామంది చేస్తారు. పోస్టాఫీసు ఆర్‌డీ వంద రూపాయలతోనే మొదలవుతుంది గానీ అది అయిదేళ్ళది, మూడేళ్ళు నిండకుండా మూసే వీలులేదు, పండక్కి పనికిరాదు. కిరాణా షాపులవాళ్ళు, బట్టల షాపులవాళ్ళు నడిపే పండగ చీటీల్లో నెలనెలా కట్టి చివర్లో సామాను తెచ్చుకునే పద్ధతి ఉంది. చేతిలో ఉండేది ఒక కార్డు ముక్క, షాపు మూస్తే అడిగే దిక్కుండదు. పైగా ఇచ్చే సామానులో మీకు కావలసినవి సగమే ఉంటాయి.

లేసు డబ్బుని ఈ లెక్కలో ఎక్కడా కలపలేదు, గమనించే ఉంటారు. ఏజెంటు పండగ ముందే ఇస్తే సంతోషం, కానీ కానుకల 3 వేలని పెంచకండి. అమ్మాయి జనవరి గౌను ఆ డబ్బుతో కొనండి. ఇంకా మిగిలితే ఆర్‌డీ మొదటి రెండు వాయిదాలకి ఉంచండి.